కొలరాడో ఒడ్డున చెట్లను గమనించడం, మళ్లీ పెంచడం ఎలా?

అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ నేషనల్ పార్కులో కొలరాడో నది ఒడ్డు బాగుచేసే పనికి వాలంటీరుగా వెళ్లాలనుకుంటే, ముందు ఆ నదికి ఏం జరిగిందో తెలియాలి. 1963లో ఎగువన గ్లెన్ కాన్యన్ డ్యామ్ గేట్లు మూశారు. అంతకుముందు మంచు కరిగే రోజుల్లో 80,000 క్యూసెక్కులు దాటే వరదలు వచ్చి ఒడ్డున మొలిచిందాన్నల్లా ఊడ్చుకుపోయేవి, ఇప్పుడు మామూలుగా 25,000 దాటదు. దాంతో టామరిస్క్ అనే పరాయి పొద ఇసుక తిన్నెలను కమ్మేసింది. పార్కులో కొమ్మ విరవాలన్నా అనుమతి కావాలి కాబట్టి సిబ్బందితోనే వెళ్లండి.

మొదటి పని లెక్క. దీన్ని వదిలేసి నేరుగా పీకుడు మొదలుపెడితే మూడేళ్ల తర్వాత ఏం మారిందో ఎవరూ చెప్పలేరు. ఒక పెద్ద బండను గుర్తుగా పెట్టుకుని అక్కడి నుంచి నీటి వైపు టేపు లాగండి. నీటి అంచును గుర్తుగా పెట్టుకోవద్దు, కరెంటు వాడకాన్ని బట్టి డ్యామ్ నుంచి వదిలే నీళ్లు ఒక్కరోజులోనే పెరిగి తగ్గుతుంటాయి. టేపు వెంబడి అక్కడక్కడ మీటరు పొడవు, మీటరు వెడల్పున్న చట్రం పరిచి, అందులో ఏ మొక్క ఎంత శాతం నేల కప్పింది, ఎంత ఖాళీ ఇసుక ఉంది అన్నది రాయండి. రోజూ తడిసే నేల, అప్పుడప్పుడు తడిసేది, డ్యామ్ వచ్చాక నీళ్లే చూడనిది, ఈ మూడింటికీ లెక్కలు వేరువేరుగా ఉండాలి. ఫోటో కూడా ఏటా అదే నెలలో, అదే చోట నిలబడి తీయాలి.

తర్వాత తొలగించడం. టామరిస్క్ ఆకులు సన్నటి పొలుసుల్లా ఉంటాయి, వేళ్లతో రుద్దితే ఉప్పు అంటుకుంటుంది. చిన్న మొక్కలు తడి ఇసుకలోంచి వేరుతో సహా వచ్చేస్తాయి. పెద్దవాటిని నేలమట్టంగా కోసి, శిక్షణ ఉన్నవాళ్లు వెంటనే మోడుకు కలుపు మందు పూయాలి, లేదంటే గుబురుగా చిగురిస్తుంది. ఆకులు ఎండిపోయి కనిపించినంత మాత్రాన చచ్చిందనుకోకండి: 2009లో ఈ కాన్యన్‌లోకి వచ్చిన టామరిస్క్ పురుగు ఆకు తినేసినా చెట్టు మళ్లీ చిగురు వేస్తుంది. ఇంకో సంగతి, మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమైన మెస్కిట్ అక్కడ సొంత చెట్టు, దాని జోలికి పోవద్దు.

అన్నీ ఒకేసారి కొట్టేయడం మాత్రం తప్పే. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న సౌత్‌వెస్టర్న్ విల్లో ఫ్లైక్యాచర్ పిట్ట ఈ టామరిస్క్‌లోనూ గూడు కడుతుంది, పిల్లలు ఎగిరే వరకు ఆ చుట్టుపక్కల రంపం ముట్టకూడదు. ఒక ముక్క ఖాళీ చేసి, అక్కడ నాటి, అది నిలదొక్కుకున్నాకే పక్క ముక్కకు వెళ్లడం నాకు సరైన పద్ధతి అనిపిస్తుంది.

నాటడానికి అక్కడి సొంత చెట్లైన విల్లో, కాటన్‌వుడ్ కొమ్మలను ఆకు రాలిన చలికాలంలో, అదే నదీలోయలోని చెట్ల నుంచి తీసుకోవాలి. గునపంతో లోతుగా గుంత చేసి, కొమ్మ అడుగు తడి ఇసుకను తాకేలా దించండి. వేసవిలో కాన్యన్ అడుగున ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పైపైన నాటింది బతకదు. బీవర్లు (నీటి ఒడ్డున ఉండే, చెట్లు కొరికే ఎలుక జాతి జంతువులు) కొరికేయకుండా చుట్టూ తీగ వల కట్టండి, మొదటి వేసవంతా నీళ్లు పోయండి.

ఆపైన ఏటా అదే బండ దగ్గరికి వెళ్లి, అదే చట్రంతో లెక్క చూడాలి. 1996 నుంచి అప్పుడప్పుడు తిన్నెలు నిలబెట్టడానికి డ్యామ్ నుంచి పెద్ద ఎత్తున నీళ్లు వదులుతున్నారు, అలా వదిలాక తప్పకుండా ఇంకోసారి చూడండి, నాటినవి ఇసుక కింద పూడి ఉండొచ్చు. తిరిగి పడవ ఎక్కేముందు బూట్లు, టెంటు దులపండి, కలుపు గింజలు వాటికి అంటుకుని దిగువ తిన్నెలకు చేరతాయి.