ఇంట్లో కట్టే విమానం, 5వ పాఠం: ప్రొపెల్లర్ దగ్గర మొదలుపెట్టి ఇంజిన్ ఎంచుకోవడం

కిందటి పాఠంలో ఎయిర్‌ఫ్రేమ్ (ఇంజిన్ కాకుండా మిగతా విమానం) డిజైనర్ పెట్టిన హద్దులు రాసుకున్నాం: ఎన్ని హార్స్‌పవర్ వరకు సరే, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య మంటలు ఆపే గోడ) ముందు ఎంత బరువు ఉండొచ్చు. ఆ కాగితం పక్కన పెట్టుకోండి. విమానాల కోసమే తయారైన ఇంజిన్ కాకుండా కారు ఇంజిన్ పెట్టాలనుకునే వాళ్లలో చాలామంది ముందు ఇంజిన్ కొనేస్తారు, ప్రొపెల్లర్ సంగతి తర్వాత చూస్తారు. మనం తిరగేసి చేద్దాం.

ప్రొపెల్లర్ కొస వేగం ధ్వని వేగానికి దగ్గరపడే కొద్దీ చప్పుడు పెరుగుతుంది, లాగే బలం తగ్గుతుంది. లెక్క తేలికే. 1.83 మీటర్ల వ్యాసం ఉన్న ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే కొస 5.75 మీటర్లు వెళ్తుంది. 2700 ఆర్‌పీఎం (నిమిషానికి 2700 చుట్లు) అంటే సెకనుకు 45 చుట్లు, కాబట్టి కొస వేగం సెకనుకు 259 మీటర్లు. విమానం ముందుకు పోయే వేగం కలిస్తే ఇంకాస్త పెరుగుతుంది. నేలమట్టంలో ధ్వని వేగం సుమారు 340, కాబట్టి ఇబ్బంది లేదు. అదే ప్రొపెల్లర్‌ను 5500 దగ్గర తిప్పితే 527 వస్తుంది. అప్పుడది ప్రొపెల్లర్ కాదు, సైరన్.

అందుకే సొంతంగా విమానాలు కట్టిన అమెరికన్ బెర్నార్డ్ పీటెన్‌పోల్ 1929లో ఫోర్డ్ మోడల్ ఎ కారు ఇంజిన్‌తో ఎగరగలిగాడు. అది 2200 ఆర్‌పీఎం దగ్గరే తన 40 హార్స్‌పవర్ ఇచ్చేసేది, గేర్లతో పనే పడలేదు. ఫోక్స్‌వ్యాగన్ ఇంజిన్లను కూడా చాలామంది పొట్టి ప్రొపెల్లర్‌తో నేరుగానే తిప్పుతారు. ఇప్పటి కారు ఇంజిన్లు అలా కుదరవు. కంపెనీ చెప్పే హార్స్‌పవర్ 6000 దగ్గరిది, 2700 దగ్గర అందులో సగం కూడా రాకపోవచ్చు. కాబట్టి వేగం తగ్గించే గేర్‌బాక్స్ తప్పనిసరి. చిన్న విమానాల కోసమే చేసిన రోటాక్స్ 912 యూఎల్‌ఎస్ ఇంజిన్‌లో కూడా గేర్‌బాక్స్ ఉంది, చూడండి: 5800 ఆర్‌పీఎంను 2.43తో భాగించి, ప్రొపెల్లర్‌ను 2387 దగ్గర తిప్పుతుంది.

అసలు టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది. సిలిండర్‌లో ఇంధనం పేలిన ప్రతిసారీ క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) కొద్దిగా మెలితిరిగి వెనక్కి వస్తుంది. రెండో చివర బరువైన ప్రొపెల్లర్ ఆ కుదుపుకి లొంగదు. పేలుళ్ల లయ, షాఫ్ట్ సహజంగా ఊగే లయ ఒక ఆర్‌పీఎం దగ్గర కలిస్తే మెలిక అంతకంతకూ పెరిగి గేరు పళ్లు, షాఫ్ట్‌లు విరుగుతాయి. పైకి ఇంజిన్ నున్నగా నడుస్తున్నట్టే ఉండొచ్చు. చెక్క ప్రొపెల్లర్‌తో బాగా నడిచిన గేర్‌బాక్స్, లోహపు ప్రొపెల్లర్ పెట్టగానే పాడవడానికి కారణం ఇదే. నా మాట వింటే గేర్‌బాక్స్ సొంతంగా గీయకండి. ఇంజిన్, గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ మూడూ కలిపి వందల గంటలు ఎగిరిన జతనే తీసుకోండి. అందులో ఒక్కటి మార్చినా పరీక్ష మళ్లీ మొదటికి వచ్చినట్టే.

ఇక బరువు. ఇంజిన్ బరువు ఒక్కటే చూస్తే మోసపోతాం. గేర్‌బాక్స్, రేడియేటర్, అందులోని నీళ్లు, గొట్టాలు, ఎగ్జాస్ట్, మౌంట్ (ఇంజిన్‌ను విమానానికి బిగించే చట్రం) అన్నీ కలపాలి. గురుత్వ కేంద్రానికి ఒక మీటరు ముందు 20 కిలోలు ఎక్కువైతే, 8 కిలోల బ్యాటరీని రెండున్నర మీటర్లు వెనక్కి జరిపి సరిచేయొచ్చు. తూకం కుదురుతుంది కానీ ఆ 20 కిలోలు ఎక్కడికీ పోవు. మోయగలిగే సామానులోంచో, ఇంధనంలోంచో కోత పడుతుంది.

వచ్చే పాఠంలో మౌంట్, ఇంధన ప్రవాహ పరీక్ష. అప్పటిలోగా మూడు ఇంజిన్లు ఎంచుకుని, ఒక్కోదానికి గేరు నిష్పత్తి, ప్రొపెల్లర్ ఆర్‌పీఎం, కొస వేగం, అన్నీ బిగించాక మొత్తం బరువు పట్టికగా రాయండి. ఏదైనా అంకె దొరక్కపోతే ఆ గడి ఖాళీగా వదలండి, అంచనా వేసి నింపొద్దు.