ఫోన్‌పేలో పడ్డదంతా ఆదాయమేనా? చిన్న షాపు లెక్కలు ఇలా రాసుకోండి

మొన్న విశాఖ పూర్ణా మార్కెట్‌లో నేను ఎప్పుడూ సరుకులు కొనే షాపుకి వెళ్తే గల్లాపెట్టె మీద క్యూఆర్ స్టిక్కర్ లేదు. "పీకేశానండీ, ఫోన్‌పే చూసి పన్ను వాళ్లు నోటీసులు ఇస్తున్నారంట కదా" అన్నాడాయన. దయచేసి ఆ పని చేయకండి. నగదైనా ఫోన్‌పే అయినా అమ్మకం అమ్మకమే, చూపాల్సిందే, పైగా ఆన్‌లైన్‌లో వచ్చిన దానికే పన్ను లెక్క తేలిగ్గా ఉంటుంది.

ముందు షాపు పేరున కరెంట్ ఖాతా తెరిచి క్యూఆర్‌ని దానికి మార్చుకోండి. చీటీ పాడిన డబ్బు, బావమరిది తిరిగిచ్చిన చేబదులు, షాపు అమ్మకం అన్నీ ఒకే ఖాతాలో పడితే, రేపు ఎవరైనా అడిగినప్పుడు ఏది ఏదో మీకే తేలదు.

తర్వాత నోట్‌బుక్. రాత్రి షట్టర్ దించే ముందు ఐదు నిమిషాలు కూర్చుని నగదు అమ్మకం, ఫోన్‌పే అమ్మకం, అరువు, పాత బాకీల వసూలు, సరుకు కొన్నది, ఇంటికి తీసుకెళ్లింది వేర్వేరుగా రాయండి. అరువిచ్చిన రోజే అమ్మకంలో రాసేస్తే, వసూలైన రోజు దాన్ని మళ్లీ అమ్మకంలో కలపకండి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఇంటికి తీసుకున్నది కూడా ఖర్చు కాదు.

ఇక జీఎస్టీ. మన ఆంధ్రాలో సరుకులు అమ్మేవాళ్లకి ఏడాదికి 40 లక్షలు, సేవలకి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పన్ను పడే సరుకులతో పాటు పన్ను లేని కూరగాయలు కూడా అమ్ముతుంటే ఆ అమ్మకం కూడా ఈ లెక్కలోకి వస్తుంది. బరంపురానికో జైపూర్‌కో పన్ను పడే సరుకు పంపుతుంటే మాత్రం ఒడిశా వేరే రాష్ట్రం కాబట్టి ఈ పరిమితి మీకు వర్తించదు, మొదటి బిల్లు నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. ఏడాది అమ్మకం కోటిన్నర లోపున్న వ్యాపారులు కాంపోజిషన్ (చిన్న వ్యాపారులకి అమ్మకం మీద తక్కువ శాతం పన్ను కట్టే పథకం) తీసుకుంటే 1 శాతం కడితే చాలు, కానీ ఆ పన్ను కస్టమర్ దగ్గర వసూలు చేయకూడదు, వేరే రాష్ట్రానికి అమ్మకూడదు.

ఆదాయపు పన్నుకి ప్రిజంప్టివ్ పద్ధతి ఉంది, అంటే అమ్మకంలో ఇంత శాతం లాభం అని అంచనాగా చూపడం. ఆన్‌లైన్ అమ్మకంలో 6 శాతం, నగదులో 8 శాతం లాభంగా చూపొచ్చు. ఉదాహరణకి ఏడాదికి 30 లక్షల అమ్మకంలో 22 లక్షలు ఫోన్‌పేలో వస్తే దానికి 1,32,000, మిగతా 8 లక్షల నగదుకి 64,000, మొత్తం 1,96,000. ఇంకే ఆదాయం లేకపోతే కొత్త పన్ను విధానంలో పన్ను సున్నా! అసలు లాభం అంతకంటే ఎక్కువ వస్తే ఎక్కువే చూపించాలి. పన్ను సున్నా అయినా రిటర్న్ వేయండి, రేపు ముద్రా లోన్‌కి వెళ్తే బ్యాంకు వాళ్లు అడిగే కాగితాల్లో అదొకటి. పన్ను 10,000 లేదా ఆపైన పడేలా ఉంటే అడ్వాన్స్ ట్యాక్స్ (ఏడాది ముగియకముందే కట్టే పన్ను) మొత్తం మార్చి 15 లోపు కట్టేయండి.

ఒకవేళ నోటీసు వస్తే టెన్షన్ పడి పక్కన పడేయకండి. అందులో ఇచ్చిన గడువులోపు ఆ నోట్‌బుక్, బ్యాంకు స్టేట్‌మెంట్ పట్టుకుని మీ ఆడిటర్ దగ్గరికి వెళ్లండి.