డ్రమ్ నోటేషన్‌ను కంప్యూటర్‌లో శాంప్లర్ చేత సరిగ్గా వాయించడం ఎలా?

స్టాఫ్ నోటేషన్‌లో రాసుకున్న డ్రమ్స్ భాగాన్ని కంప్యూటర్‌లో శాంప్లర్ (రికార్డు చేసిపెట్టిన దెబ్బలను మోగించే ప్రోగ్రామ్) చేత వాయించి వినాలనుకునేవారు మంచి శాంపిళ్ల, అంటే ఆ రికార్డింగుల, కోసం రోజుల తరబడి వెతుకుతారు. తీరా తెచ్చి పెట్టాక రైడ్ అనే తాళం మోగవలసిన చోట టామ్ అనే డ్రమ్ మోగుతుంది, తెరిచిన హై-హ్యాట్ (కాలితో మూసే తాళాల జత) మూసిన తరువాత కూడా సాగుతూనే ఉంటుంది. కిట్ బాగాలేదని ఇంకొకటి దించుకుంటారు, అదీ అలాగే మోగుతుంది. లోపం శాంపిళ్లలో లేదు, రాసిన గుర్తుకూ మోగే శబ్దానికీ మధ్య ఉన్న నంబర్ల పట్టికలోనో, కిట్ ఫైలులోని ఆదేశాల్లోనో ఉంది. డ్రమ్స్ నేర్చుకునే పిల్లల కోసం నేను ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఆ పట్టికను సరిచూసుకోకుండా మొదలుపెట్టిన పని ఏదీ సవ్యంగా పూర్తికావడం నేను చూడలేదు.

కావలసినవి

నోటేషన్ రాయడానికి మ్యూజ్‌స్కోర్, మిడి (ఏ దెబ్బ ఎప్పుడు, ఎంత బలంతో పడాలో అంకెల్లో చెప్పే పద్ధతి) ట్రాక్‌ను నడపడానికి రీపర్, శాంపిళ్లను మోగించడానికి ఎస్‌ఫిజ్, ఎస్ఎఫ్‌జెడ్ (ఏ నంబరుకు ఏ శాంపిల్ మోగాలో చెప్పే ఫైలు) రూపంలో ఉన్న ఒక డ్రమ్ కిట్, ఒక జత హెడ్‌ఫోన్లు చాలు. ల్యాప్‌టాప్ స్పీకర్లలో వినవద్దు, వాటిలో కిక్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) సరిగా వినపడదు. శాంప్లర్‌ను నోటేషన్ ప్రోగ్రామ్‌లోనే ప్లగిన్‌గా పెట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. పెట్టుకోవచ్చు గానీ, తప్పు మోగినప్పుడు అది ఎక్కడ పుట్టిందో అలా కనిపెట్టడం కష్టం. రీపర్‌లోకి తెచ్చుకుంటే ప్రతి దెబ్బ నంబరూ, దాని బలమూ కళ్లెదుటే ఉంటాయి. కాబట్టి రెండు పనులనూ విడివిడిగానే చేయాలి.

రాయడం, తరలించడం

కిక్ కింది నుంచి మొదటి ఖాళీలో, స్నేర్ మూడో ఖాళీలో, హై-హ్యాట్ పై గీతకు పైన ఇంటూ గుర్తుతో, రైడ్ పై గీత మీద ఇంటూ గుర్తుతో, కాలితో మూసే హై-హ్యాట్ కింది గీతకు దిగువన రాయాలి. చేతులతో వాయించేవాటి కాడలు పైకి, కాళ్లతో వాయించేవాటి కాడలు కిందికి ఉండాలి. రాయడం పూర్తయ్యాక మిడి ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, రీపర్‌లో ఒక ట్రాక్‌లోకి తెచ్చి, ఆ ట్రాక్ మీద ఎస్‌ఫిజ్‌ను పెట్టి కిట్‌ను తెరవండి. రీపర్ ఆడియో సెట్టింగుల్లో బఫర్ (శబ్దాన్ని ముందుగా సిద్ధం చేసిపెట్టుకునే పరిమాణం, ఇది పెద్దదైతే శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది) 512 ఉంచండి. ప్యాడ్ల మీద అప్పటికప్పుడు వాయించేవారికే అది 128 దాకా తగ్గాలి.

నంబర్ల పట్టిక

అసలు పని ఇక్కడే ఉంది. 1991లో వచ్చిన జనరల్ మిడి ప్రమాణం డ్రమ్స్‌కు 10వ ఛానల్‌ను కేటాయించి, 35 నుంచి 81 వరకు ఒక్కో నంబరుకు ఒక్కో వాద్యాన్ని నిర్ణయించింది. అందులో కిక్ 36, సైడ్ స్టిక్ (స్నేర్ అంచు మీద కర్ర దెబ్బ) 37, స్నేర్ 38, మూసిన హై-హ్యాట్ 42, పెడల్ హై-హ్యాట్ 44, తెరిచిన హై-హ్యాట్ 46, క్రాష్ తాళం 49, రైడ్ 51, రైడ్ బెల్ 53. నోటేషన్ ప్రోగ్రామ్ సాధారణంగా ఈ లెక్కనే పంపుతుంది. అయితే కిట్ తయారుచేసినవారు ఈ లెక్కనే పాటించాలన్న నిర్బంధం ఏదీ లేదు. రెండో రైడ్‌కు ఉద్దేశించిన 59లో తమ ఏకైక రైడ్‌ను పెట్టినవారున్నారు, హై-హ్యాట్‌ను సగం తెరిచినవి, పావు తెరిచినవి అంటూ ఐదారు నంబర్లకు పంచినవారూ ఉన్నారు.

ఇటువంటప్పుడు కిట్‌కు తగినట్టు స్టాఫ్ మీది గుర్తులను జరపడం చాలామంది చేసే పొరపాటు. ఒక విద్యార్థి తన స్కోరులో రైడ్ వినపడడం లేదని, అది వినపడే దాకా ఆ గుర్తులను ఒక్కొక్క మెట్టే జరుపుకుంటూ పోయాడు. కంప్యూటర్‌లో రైడ్ చక్కగా మోగింది. అదే పేజీని ముద్రించి రిహార్సల్‌లో డ్రమ్మర్ ముందు పెడితే, అతను కాగితంలో ఉన్నది ఉన్నట్టు వాయించాడు, రెండో చరణమంతా కౌబెల్ మోగింది. స్కోరు మనిషి చదవడానికి రాసినది, దాన్ని శాంప్లర్ కోసం మార్చకూడదు. మార్చవలసింది పట్టికనే.

ఎస్ఎఫ్‌జెడ్ ఫైలు మామూలు టెక్స్ట్ ఫైలు గనుక ఆ మార్పు కష్టం కాదు. ముందు దానికి ఒక నకలు తీసిపెట్టుకుని, నోట్‌ప్యాడ్‌లో తెరిచి, రైడ్ శాంపిల్ ఉన్న వరుసలో ‘కీ’ విలువను 59 నుంచి 51కి మార్చి భద్రపరచండి. ఒకసారి సరిచేసిన కిట్ ఇక మీదట మీరు రాసే ప్రతి స్కోరుకూ పనికివస్తుంది. స్వరాల పేర్లతో కాక అంకెలతోనే పనిచేయండి. ఎందుకంటే 36ను కొన్ని ప్రోగ్రాములు సీ1 అంటాయి, కొన్ని సీ2 అంటాయి, పేరు చూసి మార్చినవారు సరిగ్గా ఒక ఆక్టేవ్ పక్కకు పోతారు.

తరువాత పరీక్ష స్కోరు ఒకటి రాయండి. మీ భాగంలో వాడిన ప్రతి దెబ్బనూ, బీటుకు ఒక్కటి చొప్పున, నిమిషానికి 60 బీట్ల వేగంతో వరుసగా పెట్టి, కాగితం మీద టిక్కులు పెట్టుకుంటూ వినండి. పాటలోనే వింటూ తప్పులు పట్టుకోగలమనుకోవద్దు. కిక్, క్రాష్ కలిసి మోగే చోట 37కూ 38కీ తేడా చెవికి అందదు. మృదంగం, తబలా రాసేవారికి ఇది మరింత ముఖ్యం. జనరల్ మిడి పట్టికలో బోంగోలు, కాంగాలు ఉన్నాయి గానీ మన వాద్యాలు లేవు, కాబట్టి వారు మొత్తం పట్టికను సొంతంగా కట్టుకోవలసిందే.

హై-హ్యాట్

పట్టిక సరిపోయినా హై-హ్యాట్ మొరాయిస్తుంది. మొదటి కారణం, నోట్ మీద తెరిచినట్టు సున్నా గుర్తు పెట్టినంత మాత్రాన నంబరు మారకపోవచ్చు. ప్రోగ్రామ్ దాన్ని చాలాసార్లు బొమ్మగానే చూస్తుంది. రీపర్‌లో ఆ దెబ్బ 46లో ఉందో 42లో ఉందో చూసి, 42లో ఉంటే మ్యూజ్‌స్కోర్‌లోని డ్రమ్ పట్టికలో తెరిచిన హై-హ్యాట్‌ను ఎంచుకుని మళ్లీ రాయండి.

రెండోది, తెరిచిన శబ్దాన్ని మూసిన దెబ్బ కోసేయాలి. ఇందుకు ఎస్ఎఫ్‌జెడ్‌లో ‘గ్రూప్’, ‘ఆఫ్ బై’ అనే ఆదేశాలున్నాయి. తెరిచినది, మూసినది, పెడల్ మూడింటినీ ఒకే గ్రూపులో పెట్టి, అదే గ్రూపు చేత కోయించే పద్ధతిని నేను ఒప్పుకోను. అలా చేస్తే మూసిన దెబ్బలు కూడా ఒకదాన్నొకటి కోసుకుంటాయి, పదహారో నోట్లు టకటకమని రేకు డబ్బా మీద కొట్టినట్టుంటాయి. తెరిచినదాన్ని గ్రూప్ 1లో, మూసినదాన్నీ పెడల్‌నూ గ్రూప్ 2లో పెట్టి, తెరిచినదానికి మాత్రమే ‘ఆఫ్ బై’ 2 అని రాయండి. నిజమైన తాళాల్లాగే మూస్తే ఆగుతుంది, మూసినవి వాటి సహజమైన తోకతో ముగుస్తాయి.

అన్ని వాద్యాలకూ ‘లూప్ మోడ్’ను ‘వన్ షాట్’గా ఉంచడం మరవవద్దు. లేకపోతే ఎనిమిదో నోటుగా రాసిన క్రాష్ ఎనిమిదో నోటు గడవగానే ఆగిపోతుంది.

బలం, ముగింపు పనులు

దెబ్బ బలం 1 నుంచి 127 వరకు ఉంటుంది. బ్రాకెట్లలో రాసిన ఘోస్ట్ నోట్లు (మెల్లగా తాకే దెబ్బలు) కూడా మామూలు స్నేర్‌తో సమానంగా మోగితే, వాటిని 25–40కి దించి, రెండో, నాలుగో బీట్ల స్నేర్‌ను 105–115లో నిలపండి. హై-హ్యాట్ పదహారో నోట్లను 90, 60గా మార్చి మార్చి ఇవ్వండి. బలాన్ని ఎక్కడపడితే అక్కడ యాదృచ్ఛికంగా మార్చే ‘హ్యూమనైజ్’ బటన్‌ను నొక్కవద్దు, డ్రమ్మర్ చేతికి ఒక క్రమం ఉంటుంది, ఆ బటన్‌కు ఉండదు.

చివరగా వేవ్ ఫైలుగా రెండర్ చేసేటప్పుడు ‘టెయిల్’ విలువను 5000 మిల్లీసెకన్లుగా పెట్టండి, ఆఖరి క్రాష్ పూర్తిగా చల్లారేదాకా ఫైలు నడుస్తుంది.