ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిని వాడుకోవడం, 4వ పాఠం: “ఏ పనైనా సరే” అని రాయకండి

పోయిన పాఠం చదివి పేరు నమోదు చేయించుకున్నవాళ్లు చాలామంది ఒకటే అడిగారు: “కార్డు వచ్చింది, కాల్ లెటర్ ఎప్పుడొస్తుంది?” ఈసారి ఇంటర్వ్యూ గురించి చెప్పాల్సింది. దాన్ని పక్కన పెడుతున్నాను. ఈ సంగతి తేలకపోతే మీరు పడ్డ శ్రమకు ఫలితం ఉండదు.

కార్డు చేయించుకుని పోస్ట్‌మ్యాన్ కోసం ఎదురుచూడటం మన నాన్నల కాలం పద్ధతి. అప్పట్లో దానికి అర్థం ఉండేది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు పని చూపించడానికి 1945లో ఈ కార్యాలయాలు మొదలయ్యాయి. తర్వాత 1959 చట్టం ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలపాలని సంస్థలకు చెప్పింది. ఎక్స్ఛేంజి పంపిన పేర్లలోంచే మనుషుల్ని తీసుకోవడం చాలా శాఖలకు అలవాటైంది. కానీ ఖాళీ తెలిపినంత మాత్రాన అక్కడి నుంచే తీసుకోవాలన్న నిర్బంధం లేదని ఆ చట్టంలోనే రాసి ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా అదే మాట ఉంచింది. పైగా 1996లో కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ కేసులో సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజి పేర్లతో సరిపెట్టకుండా పత్రికల్లో కూడా ప్రకటన ఇవ్వాలని, దరఖాస్తు చేసిన అందరినీ పరిశీలించాలని చెప్పింది. అందుకే సీనియారిటీ, అంటే నమోదు తేదీ వరస, ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోవద్దంటున్నాను. అలాగని దాన్ని వదులుకోనూ వద్దు. మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించకపోతే ఇన్నేళ్ల వరస పోతుంది.

నోటీసు బోర్డు చూడటం, జాబ్ మేళాకు వెళ్లడం మీకు తెలిసినవే. వాటిని వదిలేసి, మీలో ఎక్కువమందిని దెబ్బతీసిన చోటికి వస్తాను.

నమోదులో “ఏ ఉద్యోగం కావాలి?” అన్న గడి ఉంటుంది. మీరు పంపిన కాగితాలు చూశాను. “ఏ పనైనా సరే”, “ఆఫీసు పని”, “గవర్నమెంటు జాబ్”, “డిగ్రీకి తగ్గ పని”. ఇలా రాస్తే మీ పేరు ఎవరికీ దొరకదు. పూర్వం ఎక్స్ఛేంజిలో కార్డులను బీరువాలో వృత్తి కోడ్ ప్రకారం, ఒక్కో కోడ్ లోపల నమోదు తేదీ ప్రకారం పేర్చేవారు. ఇప్పుడు బీరువా బదులు కంప్యూటరు ఉన్నా, వెతికేది వృత్తిని బట్టే. సంస్థ వాళ్లు “వెల్డర్ కావాలి” అంటారు. “ఏ పనైనా చేసేవాడు కావాలి” అని ఎవరూ అడగరు.

ఆ కోడ్‌లు జాతీయ వృత్తుల వర్గీకరణ, అంటే ఎన్‌సీవో 2015లో ఉంటాయి. మొత్తం ఎనిమిది అంకెలు. మనకు మొదటి నాలుగు చాలు. మొదటి అంకె పని ఏ తరహాదో చెబుతుంది: 2 అంటే పెద్ద చదువుతో చేసే వృత్తి, 3 అంటే దానికి తోడుండే సాంకేతిక పని, 4 గుమాస్తా పని, 7 చేతివృత్తి, 8 యంత్రాలు, వాహనాలు నడపడం.

బీకాం చదివి ట్యాలీ నేర్చిన అమ్మాయిని తీసుకోండి. “అకౌంట్స్” అని రాసింది. 2411 అకౌంటెంట్లది, 3313 అకౌంట్స్ సహాయకులది, 4311 లెక్కల గుమాస్తాలది. మొదటి ఉద్యోగానికి ఆమె 3313, 4311 రెండిట్లోనూ ఉండాలి. 2411 ఒక్కటే పెడితే అనుభవం అడుగుతారు.

డ్రైవర్ అన్నా అంతే. కారు, వ్యాను నడిపేవారిది 8322, బస్సుది 8331, లారీది 8332. హెవీ లైసెన్సు ఉన్నవాళ్లు మూడూ రాయించండి, లేనివాళ్లు 8322 దగ్గర ఆగండి. నర్సింగ్‌లో పెద్ద చదువు నర్సులది 2221, సహాయక నర్సులది 3221. వెల్డర్‌ది 7212. ఐటీఐలో వెల్డింగ్ చేసిన ఒకబ్బాయి “మెకానిక్” అని రాయించుకున్నాడు. వెల్డర్ల కోసం వెతికినవాళ్లకు అతని పేరు ఎలా కనిపిస్తుంది?

ఒకటికి మించి కోడ్‌లు అడగొచ్చు. కౌంటర్లో అడగకుండా ఊరుకుంటే ఒక్కటే పడుతుంది.

నమోదు కాక ఎక్స్ఛేంజి ఇచ్చే రెండో సేవ వృత్తి మార్గదర్శనం, అంటే ఏ పనికి వెళ్లాలో, దానికి ఏం నేర్చుకోవాలో సలహా చెప్పడం. ఎక్స్ఛేంజిలో నేను అన్నిటికంటే విలువిచ్చేది దీనికే. అక్కడి అధికారిని “నాకేం ఉద్యోగం వస్తుంది సార్?” అని అడిగితే ఆయనా ఏమీ చెప్పలేరు. “4311లో ఈ ఆర్నెల్లలో మన జిల్లాలో ఎవరు ఖాళీలు తెలిపారు? వాళ్లు ఏ శిక్షణ అడిగారు?” అని అడగండి. డిగ్రీ, పీజీ వాళ్లకు ఆంధ్రా, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో ఇదే పనికి విడిగా బ్యూరోలున్నాయి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఒకటి, దివ్యాంగులకు ఒకటి హైదరాబాద్‌లో జాతీయ కెరీర్ సేవా కేంద్రాలున్నాయి. అర్హులై ఉండి వాటి గడప తొక్కనివాళ్లే ఎక్కువ, అదే నా బాధ.

నేనైతే సోమవారం వెళ్లను, రద్దీ. వారం మధ్యలో పదకొండు గంటలకు వెళితే కూర్చోబెట్టి మాట్లాడతారు. ఇంటి నుంచే చేసుకునేవాళ్లకు 2015లో మొదలైన ఎన్‌సీఎస్ పోర్టల్, అంటే జాతీయ కెరీర్ సేవ అనే ప్రభుత్వ వెబ్‌సైటు ఉంది, సాయానికి 1514కు ఫోన్ చేయొచ్చు. అయినా మొదటిసారి మనిషి ఎదుట కూర్చోవడమే మంచిదంటాను.

కార్డు త్వరగా రావాలని ఒక చెల్లెమ్మ మధ్యవర్తికి డబ్బిచ్చిందట. ఎన్‌సీఎస్‌లో నమోదు ఉచితం. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బడిగినవాడు ఎక్స్ఛేంజి పేరు చెప్పినా నమ్మొద్దు.

అభ్యాసం: మీరు ఇంతవరకు మీ చేత్తో చేసిన పనులు ఇరవై రాయండి. చదువులు కాదు, పనులు. నాన్న కొట్లో బిల్లులు రాయడం, పెళ్లిలో వందమందికి వడ్డించడం, తమ్ముడి స్కూటీ బాగుచేయడం, అన్నీ లెక్కే. ఒక్కోదాని పక్కన ఎన్‌సీవో నాలుగంకెలు వెతికి రాయండి. ఎక్కువసార్లు వచ్చిన మూడు కోడ్‌లు ఎంచుకుని, వాటికి మీ దగ్గరున్న సర్టిఫికెట్ ఏదో, లేనిది ఏదో ఎదురుగా రాయండి. ఆ కాగితం పట్టుకుని మార్గదర్శన అధికారిని కలిసి, ఆయన చెప్పింది దాని వెనకే రాసుకోండి. వచ్చే పాఠం ఇంటర్వ్యూ. అది ఆ కాగితం ముందు పెట్టుకుని చదవాలి.