పడవ జీపీఎస్‌కు రాస్ప్‌బెర్రీ పై: వినడానికి మాత్రమే

గండికోట, మైలవరం, అవుకు జలాశయాల్లో తిరిగే చిన్న పడవలో జీపీఎస్, లోతు చూపే సౌండరు ఉంటే ఆ లెక్కలన్నీ రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరులో నమోదు చేసుకోవచ్చు (ఇక్కడి నుంచి ‘పై’ అంటే అదే). ఎండాకాలం నీళ్లు దిగేకొద్దీ ఏ బండ ఎక్కడ అడ్డొస్తుందో ముందే తెలుస్తుంది. ఒక్క నియమం మాత్రం గట్టిగా పట్టుకోండి: పై వినాలి, మాట్లాడకూడదు. దారి చూపేది అసలు పరికరమే. పై చచ్చిపోయినా దానికి తెలియకూడదు.

ఇదంతా ఎన్‌ఎంఈఏ 0183 (పడవ పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పాత పద్ధతి) వాడే పరికరాల సంగతి. ఎన్‌ఎంఈఏ 2000 క్యాన్ బస్ (CAN bus) అనే వేరే వైరింగు పద్ధతి మీద నడుస్తుంది, దానికి ఈ సర్క్యూటు పనికిరాదు.

పరికరం వైర్లను తెచ్చి పై పిన్నులకు నేరుగా తగిలించొద్దు. ఆ పిన్నులు 3.3 వోల్టులకే చేసినవి, 5 వోల్టులు కూడా తట్టుకోవు. పాత పరికరాలు కొన్ని 12 వోల్టుల దాకా పంపుతాయి. కంటికి కనబడని ముప్పు ఇంకొకటుంది: పడవలో నెగటివ్ వైరు ఎక్కడైనా వదులైతే, కరెంటు సిగ్నల్ వైరునే దారి చేసుకుని పై గుండా తిరిగిపోతుంది. అందుకే మధ్యలో ఆప్టో కప్లర్ ఉండాలి. అందులో వెలుగు మాత్రమే దాటుతుంది, కరెంటు దాటదు.

కావాల్సినవి: హెచ్11ఎల్1 ఐసీ (ఆప్టో కప్లర్ ఇదే), 470 ఓమ్‌ల అర వాట్ రెసిస్టరు, 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టరు, 1ఎన్4148 డయోడు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు. ఐసీ తప్ప మిగతావి టీవీ రిపేరు సామాన్ల దుకాణంలో దొరుకుతాయి. ఆ ఐసీ బదులు దుకాణంలో పీసీ817 అనే మామూలు ఆప్టో కప్లర్ చేతిలో పెడితే తీసుకోకండి. 4800 బాడ్ (సెకనుకు 4800 బిట్లు) వేగానికి ఎలాగో నెట్టుకొచ్చినా, 38400 దగ్గర అక్షరాలు చెడిపోతాయి.

పరికరం అవుట్‌పుట్‌లోని ‘ఏ’ (A) వైరును 470 ఓమ్‌ల గుండా ఐసీ 1వ కాలికి, ‘బీ’ (B) వైరును 2వ కాలికి కలపండి. డయోడును ఆ రెండు కాళ్ల మధ్యే, గీత ఉన్న కొన 1 వైపు ఉండేలా పెట్టండి. 6వ కాలు పై 1వ పిన్నుకు, 5వ కాలు 6వ పిన్నుకు, 4వ కాలు 10వ పిన్నుకు పోవాలి. 4, 6 కాళ్ల మధ్య 4.7 కిలో ఓమ్‌లు, 5, 6 మధ్య కెపాసిటరు. పై 8వ పిన్ను ఖాళీగానే వదిలేయండి, పై మాట్లాడే నోరు అదే.

బీ వైరును పడవ నెగటివ్‌కు కలిపేయడం తరచూ జరిగే పొరపాటు. రెండు వైర్ల మధ్య తేడాతో సిగ్నల్ పంపే పరికరంలో అది అవుట్‌పుట్‌ను షార్ట్ చేస్తుంది. బీ వైరే లేని పాత పరికరమైతేనే దాని నెగటివ్‌ను 2వ కాలికి ఇవ్వాలి. వైరు రంగులు కంపెనీకో తీరు, మాన్యువల్ చూడండి.

ఇంజను స్టార్ట్ చేసేటప్పుడు 12 వోల్టుల బ్యాటరీ 9 కిందికి జారొచ్చు, ఛార్జింగులో 14.4కు ఎక్కుతుంది. చవక కారు ఛార్జరు పెడితే పై మధ్యలో ఆగి మెమరీ కార్డు పాడవుతుంది. ఇన్‌పుట్, అవుట్‌పుట్ వేరుగా ఉండే ఐసొలేటెడ్ కన్వర్టరు, 5.1 వోల్టులు 3 ఆంపియర్లది, తీసుకోండి. బ్యాటరీ ప్లస్ నుంచి 18 సెంటీమీటర్ల లోపే 3 ఆంపియర్ల ఫ్యూజు వేయండి. ఫ్యూజు కాపాడేది వైరును, పైని కాదు. పడవ బ్యాటరీ మీదే నడిచే వేరే స్క్రీనును పైకి తగిలిస్తే, కన్వర్టరు విడదీసిన నెగటివ్ మళ్లీ కలిసిపోతుందని మరవొద్దు.

10వ పిన్ను కలిపే ముందు 4వ కాలిని మల్టీమీటరుతో చూడండి. 3.3 వోల్టులకు కాస్త తక్కువగా వణుకుతుంటే సరే. సున్నా దగ్గరే ఉంటోందంటే ‘ఏ’, ‘బీ’ వైర్లు తారుమారయ్యాయి.

పై సెట్టింగుల ప్రోగ్రాము రాస్పి-కాన్ఫిగ్‌ (raspi-config)లో సీరియల్ లాగిన్‌ను ఆపి, సీరియల్ పోర్టును ఆన్ చేయండి. వేగం 4800, 8 బిట్లు, ప్యారిటీ లేదు, 1 స్టాప్ బిట్. డాలర్ గుర్తుతో మొదలై, చివర నక్షత్రం, రెండక్షరాల చెక్‌సమ్‌తో (వరుస చెడిపోయిందేమో చూసుకునే గుర్తు) ముగిసే వరుసలు రావాలి. డీపీటీ (DPT) అని ఉన్న వరుసలో మొదటి అంకె, మీటర్లలో లోతు. వైర్లు సరిగ్గా ఉన్నా పిచ్చి అక్షరాలు వస్తే వేగం తేడా.

పెట్టెను ఎండలో పెట్టకండి. చిప్పు 80 డిగ్రీలు దాటితే పై తనంతట తానే నెమ్మదిస్తుంది. దిక్సూచికి కనీసం ఒక మీటరు దూరంలో బిగించండి. గండికోట దగ్గర లోయ గోడల మధ్య స్థానం అటూఇటూ గెంతితే వైరింగును విప్పకండి. రాతిగోడలు ఉపగ్రహాలను కప్పేస్తాయి. నీళ్లు వెడల్పైన చోటికి వచ్చాక చూసి, అప్పటికీ గెంతుతుంటేనే యాంటెన్నా పక్కన కన్వర్టరు ఉందేమో వెతకండి.