అమెరికాలో మీ డబ్బో కారో పట్టుకుంటే: గోదావరి జిల్లాల నుంచి కొత్తగా వచ్చినవారికి

వెంట ఉన్న నగదు పదివేల డాలర్లు దాటితే ఎయిర్‌పోర్టులో ఆ సంగతి తెలిపే ఫిన్‌సెన్ 105 ఫారం ఇవ్వాలి. ఎంత తెచ్చినా తప్పు లేదు, చెప్పకపోతేనే తప్పు. లెక్క తప్పించడానికి ఇద్దరి సంచుల్లో సర్దడం ఇంకో నేరం.

అధికారులు పట్టుకున్నారా, ముందు రసీదు తీసుకోండి. కస్టమ్స్ వాళ్లదైతే దాని నంబరు 6051ఎస్. చదవకుండా సంతకం పెట్టకండి. హక్కు వదులుకుంటున్నట్టు రాసిన కాగితం కూడా అందులో ఉండొచ్చు.

మామూలుగా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఏజెన్సీ, పట్టుకున్న 60 రోజుల్లో నోటీసు పంపాలి. రాష్ట్ర పోలీసులు పట్టుకుని వాళ్లకు అప్పగిస్తే 90 రోజులు. కొత్తవాళ్ల కొంప మునిగేది ఇక్కడే. ఈలోగా అపార్ట్‌మెంటు మారతారు, ఉత్తరం పాత ఇంటికే పోతుంది. అడ్రసు మారగానే ఏజెన్సీకి రాసి పంపండి.

నోటీసులో ముఖ్యమైన దారులు రెండు. పిటిషన్ అంటే పట్టుకున్న ఏజెన్సీనే దయ చూపమని అడగడం. క్లెయిమ్ అంటే కోర్టులో తేల్చమనడం. ఫారం ఇవ్వకపోవడం ఒక్కటే గొడవై, డబ్బు ఎక్కడిదో చూపగలిగితే పిటిషన్ చాలాసార్లు నయం. అసలు ఆరోపణే అబద్ధమైతే క్లెయిమే వేయండి. ఏదైనా లాయరుకు చూపించాకే.

క్లెయిమ్‌లో ఆ సొమ్మేది, దానిమీద మీ హక్కేమిటి అన్నవి ప్రమాణపూర్వకంగా రాయాలి. లాయరు సంతకం చాలదు, మీరే చేయాలి. మామూలుగా డిపాజిట్ కట్టక్కర్లేదు. ఉత్తరంలో వేసిన గడువు తేదీకల్లా అది ఏజెన్సీ చేతికి చేరాలి, ఆ రోజు పోస్టులో వేస్తే లాభం లేదు. తర్వాత ప్రభుత్వం కోర్టుకెళ్తే అక్కడ మళ్లీ క్లెయిమ్ వేయాలి, అది వేసిన 21 రోజుల్లో ప్రభుత్వ ఫిర్యాదుకు జవాబూ దాఖలు చేయాలి. మొదటిది సరిపోతుందనుకుని ఊరుకుని పోగొట్టుకున్నవాళ్లున్నారు.

కారు లేక ఉద్యోగానికి వెళ్లలేకపోతే, కేసు తేలేలోపే విడుదల చేయమని ఏజెన్సీని అడగొచ్చు. 15 రోజుల్లో ఇవ్వకపోతే ఫెడరల్ జిల్లా కోర్టుకెళ్లొచ్చు. కస్టమ్స్ చట్టాల కింద పట్టుకున్నవాటికి ఈ దారి లేదు. వ్యక్తిగత నగదుకూ వర్తించదు.

డబ్బు ఎక్కడిదో చూపడానికి, రొయ్యల చెరువు లీజు డబ్బయితే లీజు కాగితం, కొబ్బరితోట అమ్మితే దస్తావేజు, బ్యాంకు నుంచి తీసినట్టు స్టేట్‌మెంటు, డాలర్లు కొన్న రసీదు జతచేయండి. తెలుగు కాగితాలకు ఇంగ్లీషు అనువాదం, అది సరైనదేనని అనువాదకుడి సంతకం ఉండాలి. డబ్బు నాన్నగారిదైతే క్లెయిమ్ ఆయన పేరునే వేయాలి. పాలకొల్లులో ఉంటూనే సంతకం చేయొచ్చు. కానీ అమెరికా బయట నోటరీ లేకుండా చేసే ప్రమాణంలో “అమెరికా సంయుక్త రాష్ట్రాల చట్టాల కింద” అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలు తప్పక ఉండాలి. కొరియర్‌కు పట్టే రోజుల్ని ముందే లెక్కేసుకోండి.