రష్యన్ మాట్లాడే దేశాలకు మెడిసిన్ చదవడానికి వెళ్లేవారికి

విదేశంలో ఎంబీబీఎస్ అనగానే మన ఇళ్లలో మొదట ఫీజు లెక్క వేస్తారు, ఆ తర్వాత హాస్టల్లో అన్నం దొరుకుతుందా అని అడుగుతారు. రెండూ అడగవలసినవే. అయితే ఆరేళ్ల తర్వాత, డాక్టర్లను నమోదు చేసే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్లో ఫైలు ఆగిపోయేది వాటి వల్ల కాదు. కాబట్టి రష్యా, కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్‌ల వైపు చూస్తున్నవారు లెక్కను చివరి నుంచి వేసుకోవాలి.

నీట్‌లో అర్హత తప్పనిసరి. 2021 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ ప్రకటించిన నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఆంగ్ల మాధ్యమంలో సాగాలి, ఆపైన అదే విద్యాసంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి, ఆ దేశంలో ప్రాక్టీసు చేయడానికి అక్కడి పౌరులకు ఇచ్చే రిజిస్ట్రేషనుకు ఆ డిగ్రీ సరిపోవాలి. స్వదేశంలో చేసే మరో ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి అంతా చేరిన నాటి నుంచి పదేళ్లలో ముగియాలి. కన్సల్టెన్సీవారు "అయిదేళ్ల కోర్సు" అన్నప్పుడు ఆ అయిదేళ్లలో ఇంటర్న్‌షిప్ కలిసి ఉందా, విడిగా ఉందా అని అడిగి, జవాబును విశ్వవిద్యాలయం లెటర్‌హెడ్ మీద తీసుకోండి. కలిసి ఉంటే చదువుకు మిగిలేది 48 నెలలే. ఫోనులో చెప్పిన మాట ఏ కౌన్సిల్లోనూ చెల్లదు.

అసలు కష్టం మూడో ఏడాదిలో, వార్డులో అడుగుపెట్టినప్పుడు మొదలవుతుంది. పాఠం ఇంగ్లీషులోనే చెబుతారు, కాని మంచం మీది ముసలమ్మకు ఇంగ్లీషు రాదు. "నా ష్తో ఝాలుయెతెస్?" అంటే మీ బాధ ఏమిటని అడగడం. ఈ ప్రశ్న వారంలో నోటికి వస్తుంది, చిక్కంతా జవాబు అర్థం చేసుకోవడంలోనే ఉంటుంది. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ఆమె "దావిత్" అంటే నొక్కేస్తున్నట్టుందని, "కోలెత్" అంటే పొడుస్తున్నట్టుందని అర్థం. మొదటి మాట వినగానే గుండె గురించి ఆలోచించాలి, రెండోది ఊపిరితిత్తుల పొర వైపు కూడా చూడమంటుంది. ఈ తేడా పట్టుకోలేని విద్యార్థి గోడకు ఆనుకుని నిలబడి, పక్కవాడి కేస్ షీటు చూసి రాసుకుంటాడు. అలా రెండేళ్లు గడిచిపోవడం చాలా తేలిక, ఎందుకంటే హాస్టల్లో రోజంతా తెలుగులోనే గడుస్తుంది. అందుకే మొదటి ఏడాది నుంచే రోజూ పది రోగ లక్షణాల మాటలు నేర్చుకుని, వాటిని కూరగాయల సంతలోనో, హాస్టలు కాపలా ఆవిడతోనో వాడి చూడండి. కిర్గిజ్‌స్తాన్‌లోని ఓష్ వంటి ఊళ్లలో రోగులు ఎక్కువగా కిర్గిజ్, ఉజ్బెక్ మాట్లాడతారు కనుక చేరబోయే ఊరి భాష ఏదో ముందే కనుక్కోవాలి.

ఇక తిరిగొచ్చాక, విదేశీ డిగ్రీ ఉన్నవారు ఇక్కడ ప్రాక్టీసు చేయడానికి పాసవ్వాల్సిన పరీక్ష ఎఫ్‌ఎంజీఈలో 300 ప్రశ్నలుంటాయి, 150 మార్కులు వస్తే పాస్, నెగటివ్ మార్కులు లేవు. అందులో 30 మార్కులు ప్రజారోగ్యం గురించి చెప్పే కమ్యూనిటీ మెడిసిన్‌వి. మన టీకాల పట్టిక, మన క్షయ నిర్మూలన కార్యక్రమం అక్కడి ప్రొఫెసరు చెప్పరు, చెప్పవలసిన పనీ ఆయనకు లేదు. ఫోరెన్సిక్‌లోని చట్టాల సంగతీ అంతే. పురుగుమందు తాగిన రైతు, కట్లపాము కరిచిన కూలీ కూడా అక్కడి వార్డుల్లో కనబడరు. వీటిని రెండో ఏడాది నుంచి మన పుస్తకాలతో విడిగా చదువుకోవాలి, సెలవులకు వచ్చినప్పుడు దగ్గరలోని ప్రభుత్వాసుపత్రిలో అనుమతి అడిగి చూడగలిగితే మరీ మంచిది. చివరి ఏడాది కోచింగ్‌తో అంతా సర్దుకుంటుందన్న నమ్మకం నాకు లేదు.

చలి, ఒంటరితనం మొదటి శీతాకాలంలో బాగా పీడిస్తాయి. సాయంత్రం నాలుగున్నర దాటితే చీకటి పడే ఊళ్లలో నలుగురు కలిసి వండుకుంటే కొంత ఊరట.

కాగితాల విషయంలో మాత్రం అలసత్వం పనికిరాదు. 2020లో చైనా నుంచి, 2022లో ఉక్రెయిన్ నుంచి వచ్చి ఇంట్లోనే ఆన్‌లైన్ పాఠాలు విన్నవారిలో చాలామందికి ఇక్కడి ఇంటర్న్‌షిప్ ఏడాదికి మించి పెరిగింది. ఎప్పుడు ఏ దేశంలో ఉన్నారో తేల్చేది పాస్‌పోర్టు మీది ముద్రలే. కాబట్టి ప్రతి ప్రయాణం తర్వాత ఆ పేజీలను స్కాన్ చేసి ఇంటికి పంపండి, పాస్‌పోర్టు మార్చుకోవలసి వస్తే పాతదాన్ని కూడా భద్రపరచండి.